మంచు లేని మంచుగదిలో సిరిసిల్ల రుమాలు

"నువ్వు చస్తే నువ్వెవరో మాకు తెల్వది," అన్నాడు బాపు.

"బతికితే తెలుస్తదా?" అడిగాడు ఏజెంట్ కొండల్.

చీఫ్ అసలు పేరు డిపార్టుమెంటులో ఎవరికీ తెలియదు. అందరికీ బాపే. 1966 మే నెల, కరీంనగర్ బస్టాండు వెనక టీ హోటలు. కొండల్ సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టి, ఐదో క్లాసుతో బడి మానేసి, నలభై దాటినా ప్రమోషన్ ఎరగని మనిషి. సూటు వేసుకునే ఏజెంట్లకు ఢిల్లీ, బొంబాయి. కొండల్‌కు మాత్రం ఎండలు మండే చోటే పోస్టింగు.

"మిషన్ చెప్పుండ్రి," అన్నాడు.

"ఆసిఫాబాద్‌ల టీకామందు ట్రైనింగ్ సెంటరున్నది. మశూచి మందు చేసుడు మన పోరగాండ్లే నేర్సుకుంటున్నరు. దానికి మూలం సీడ్. పెరుగుకు తోడు లెక్క. గది సచ్చిందంటే అంతా బంద్."

"సంపేదెవరు?"

"ఆర్కిడ్ ముఠా. మందు మనమే చేసుకుంటే వాళ్ళు ఓడల్ల తెచ్చే సీమ మందు ఎవడు కొంటడు? ఇన్నేండ్లు ఫండింగ్ ఇచ్చేటోళ్ళు ముగ్గురు, ఎవరి దారి వాళ్ళది. ఢిల్లీ, రాష్ట్రం, బయటిదేశం సంస్థ. రేపు మధ్యాహ్నం ముగ్గురూ మొదటిసారి ఒక్క బల్లకాడ కూసుంటరు. సీడ్ డబ్బల థర్మామీటరుంటది. వేడి యాడిదాక ఎక్కిందో గాడ్నే నిలవడ్తది, మళ్ళ దిగది. ఎర్రగీత దాటిందా, సంతకం లేదు. సెంటర్‌కు తాళం."

"లోపట మనోళ్ళున్నరా?"

"ఒకరున్నరు. 'గోదాట్లె పడవున్నదా' అని అడుగు. 'పడవున్నది, తెడ్డే లేదు' అంటే మన మనిషి."

బాపు బల్ల మీదుగా రెండు వస్తువులు తోశాడు. పిడిలో కెమెరా దాచిన గొడుగు. ట్రాన్స్‌మిటర్ దాచిన వక్కల డబ్బా.

"గొడుగు పైలం. సీమ సరుకు," అన్నాడు. మనిషి పైలం అని మాత్రం అనలేదు.

మర్నాడు పొద్దున కొండల్ ఐసు మోసే కూలీ వేషంలో సెంటర్‌లో అడుగుపెట్టాడు. వరండాలో కొత్త ఫ్రిజ్ ఉంది. ఒకరు ఫ్రిజ్ ఇచ్చారు, కరెంటు లైను ఇంకొకరు ఇవ్వాలి, వాళ్ళు ఇవ్వలేదు. అందుకని ఫ్రిజ్‌లో చీపుర్లు పెట్టుకున్నారు. సీడ్‌కు దిక్కు పెరట్లోని మంచుగదే. ఊక కూరిన మందపాటి గోడలు, ఎత్తున ఒక వెంటిలేటర్, దానికి ఇనుప ఊచలు, పైన మూత. ఐసు తెచ్చేది కాంట్రాక్టర్ హనుమండ్లు.

కొండల్ లోపలికి వెళ్ళి చూస్తే ఐసు లేదు. తడిసిన ఊకలో చిన్న గడ్డ ఒకటి, దానికి ఆనించి సీడ్ డబ్బా. ఆ పక్కన నల్లకళ్ళద్దాలు, ఎర్రని పెదాలు, గులాబీరంగు నైలాన్ చీర. సెంటర్‌కు విదేశీ సలహాదారైన వాల్డెన్ గారి సెక్రటరీ ఎలీసబెతు.

వెనక తలుపు ధడాలున పడింది. బయట గొళ్ళెం.

"గోదాట్లె పడవున్నదా?" అన్నాడు కొండల్, గొడుగు బిగించి పట్టుకుని.

"పడవున్నది కొండలన్నా, తెడ్డే లేదు. గానీ ముందే చెప్తున్న, వాల్డెన్ దగ్గర గూడ జీతం తీసుకుంటున్న."

"అంటే ఎవరి దిక్కు నువ్వు?"

"తల్పు తెరిసినంక చెప్త."

కొండల్ వక్కల డబ్బా నొక్కాడు. గుర్రుమంది, ఆగిపోయింది. ఊక గోడల్ని దాటి గాలే పోదు, సిగ్నల్ ఏం పోతుంది!

పైన మూత లేచింది. కొలిమి నోరు తెరిచినట్టు వడగాలి లోపల పడింది. ఊచల మధ్య హనుమండ్లు ముఖం.

"ఏందిరా కూలీ, ఐసు మోస్తవా? మోయనీకి నేను పంపితే గద! మధ్యాహ్నం దొరలు తల్పు తీస్తరు. మూత తెరిచి, సీడ్ ఉడికి, లోపట మీరిద్దరు. ఇగ మీరే జవాబు చెప్పుకోవాలె."

కొండల్ ఎండకు అడ్డం పెట్టుకున్నట్టు గొడుగు ఎత్తాడు. పిడిలో 'టిక్' మంది.

"ఎలీసబెతమ్మా! గా డబ్బ మోరీల పారబొయ్యి. ఇప్పుడే తల్పు తీస్త, నువ్వొక్కదానివి పో!"

ఆమె కళ్ళద్దాలు తీసి చెంగుకు తుడుచుకుంది. హనుమండ్లు నవ్వుకుంటూ దిగిపోయాడు.

ఎండ ఎక్కింది. ఐసుగడ్డ పిడికెడై, గోలీకాయై, నీళ్ళైంది. గది పొయ్యి మీది కుండలా కాగుతోంది. డబ్బా అద్దంలోంచి పాదరసం కనిపిస్తూనే ఉంది. ఎర్రగీత వైపు పాకుతోంది.

"ప్రభువా! కొంగు తడిపి చుట్టాల్నా?"

"గది నైలాను. నీళ్ళు తాగది." కొండల్ తలకు చుట్టుకున్న రుమాలు విప్పాడు. తండ్రి నేసిన ముతక నూలు. వేసవిలో మగ్గం గుంత పక్కన నీళ్ళకుండకు అవ్వ ఇలాంటి తడిబట్టే చుట్టేది. గాలి ఎంత వేడిగా కొడితే నీళ్ళు అంత చల్లబడేవి.

"గా దొంగ పంపిన గాలే మనకు ఐసు," అన్నాడు.

గచ్చు మీది నీళ్ళలో రుమాలు ముంచి డబ్బాకు చుట్టాడు. గొడుగు కొనకు కట్టాడు. పిడి వంకీని పై ఊచకు తగిలించాలి. చెయ్యి అందదు. చేతులు, మోకాళ్ళు నేలకు ఆన్చి వంగాడు.

"ఎక్కు."

"చెప్పులిడువనా?"

"నీ ఇష్టం. నా వీపు సర్కారుది గాదు."

ఆమె ఎక్కి తగిలించింది. బట్ట ఆరుతుంటే దిగి, గచ్చు మీది నీళ్ళు దోసిట్లో పట్టుకుని, మళ్ళీ మళ్ళీ ఎక్కి తడపాలి. కొండల్‌కు కనిపించేది గచ్చు ఒక్కటే. డబ్బా ఆమె చేతుల్లో. ఒక్క ముడి విప్పిందంటే చాలు, ఆమె బయట, సెంటర్ మూత. తల ఎత్తితే ఆమె పడుతుంది, డబ్బా పడుతుంది. పెళ్ళాన్నే నమ్మని మనిషి, తన వీపు మీద నిలబడ్డ రెండు జీతాల మనిషిని నమ్మాలి.

పైన ఏదో గరగరలాడింది. ముడి విప్పుతోందా?

"ఏం చేస్తున్నవ్?"

గరగర ఆగలేదు.

మెడ మీద ఒక నీటి చుక్క పడింది. చల్లగా ఉంది.

"ముడి వదులైంది, గట్టిగ కడ్తున్న. కదలకన్నా," అంది ఎలీసబెతు.

తలుపు తెరుచుకునేసరికి ఇద్దరూ అదే భంగిమలో ఉన్నారు. ముందు వాల్డెన్, వెనక ముగ్గురు అధికారులు, వాళ్ళ వెనక హనుమండ్లు.

"ఇదీ ఇక్కడి క్రమశిక్షణ!" అన్నాడు వాల్డెన్. "సీడ్ పోయింది. దయచేసి కాగితాలు మూసేయండి."

ముగ్గురిలో ఢిల్లీ నుంచి వచ్చిన డాక్టరు అప్పటికే కలం మూత పెడుతున్నాడు. ఎలీసబెతు డబ్బా దించి అతని చేతికిచ్చింది. అతను అద్దం తుడిచి చూశాడు. పాదరసం ఎర్రగీత కింద, వెంట్రుకవాసి దూరంలో ఆగి ఉంది.

"బాగుంది," అని కలం మూత మళ్ళీ తీశాడు.

"అయ్యా, గొడుగుల ఫొటో ఉన్నది," అన్నాడు కొండల్ నడుం నిమురుకుంటూ. "మూత తీసినోడి మొఖం మస్తు వచ్చింది."

హనుమండ్లు ఒక్కడుగు వెనక్కి వేశాడు. "నాకేం తెల్వది, గీ దొరనే తియ్యమన్నడు!" అని వాల్డెన్‌ను చూపించాడు.

ఆర్కిడ్ ముఠా మనిషని తేలిన వాల్డెన్‌ను జీపెక్కించాక కొండల్ అడిగాడు. "తల్పు తెరిసిండ్రు. ఇప్పుడు చెప్పు, ఎవరి దిక్కు?"

"ఒక జీతం పాయె గదన్నా. ఇగ మిగిలింది మీ దిక్కే," అంది ఆమె కళ్ళద్దాలు పెట్టుకుంటూ.

ముగ్గురూ ఒక్క బల్ల మీద సంతకాలు చేశారు. అందరూ కలిసి ఇచ్చిన మొదటి శాంక్షన్ ఐసుకు. రుమాలు ఏమైందని ఎవరూ అడగలేదు. గొడుగు కడ్డీ ఎందుకు వంగిందో రాతపూర్వకంగా తెలపాలని మాత్రం డిపార్టుమెంటు కొండల్‌ను ఇప్పటికీ అడుగుతూనే ఉంది.