ఆవలి తూము

ఆ ఏడు మే నెలలో రెంటచింతల బజారులో స్వెట్టర్లు అమ్మారు. కొన్నవాళ్ళు వాటిని బీరువాల్లో దాచుకోలేదు, వేసుకుని ఊరంతా తిరిగారు. చలికి కాదు, సరదాకి. పల్నాటి ఎండ అంటే ఏమిటో ఎరిగిన ముసలివాళ్ళు మిట్టమధ్యాహ్నం అరుగుల మీద కూర్చుని, వేడివేడి పునుగులు తింటూ, "ఏందిరా ఈ చోద్యం" అని మురిసిపోయారు. ఇరవై రెండో శతాబ్దం సగం దాటిన రోజులవి. అంతకు పదేళ్ళ ముందు అదే ఊళ్ళో అదే వేళకు మనిషన్నవాడు నేలపైన కనిపించేవాడు కాదు.

అప్పట్లో ఇళ్ళు కిందికి కట్టేవారు. మూడంతస్తుల ఇల్లంటే మూడూ నేల లోపలే. బడి తెల్లవారకముందే, పెళ్ళి నేలమాళిగలోనే. పగటిపూట పైన చిక్కుకుంటే ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిందే. డాక్టర్ అవసరాల చారుమతి భర్త సీతాపతి అలాగే పోయాడు. బస్సు చెడిపోతే, మాళిగ తలుపు కనబడుతూనే ఉంది కదా అని దిగి నడిచాడు. తలుపు దాకా చేరలేదు.

చారుమతి భౌతిక శాస్త్రవేత్త. ఏడ్చి ఊరుకునే మనిషి కాదు. ఈ వేడిని తీసుకెళ్ళి ఎక్కడైనా పారబోయాలనుకుంది. భూమి మీద ఎక్కడ పారబోసినా అది భూమి మీదే ఉంటుంది. ఆకాశంలోకి వదులుదామంటే, తాతముత్తాతల నాటి నుంచి మనం నింపిన పొగ మూతలా అడ్డం. ఇక మిగిలింది విశ్వం అవతల.

విశ్వానికి అంచు ఉందనీ, అది క్షణక్షణం దూరం జరుగుతోందనీ, కాంతి వేగంతో పరిగెత్తినా అందదనీ అందరికీ తెలుసు. చారుమతి పరిగెత్తలేదు. బీరువాలో మడిచి పెట్టిన చీరను చూడండి. విప్పితే పైఅంచు ఎక్కడో, కింది అంచు ఎక్కడో. మడతలో రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. స్థలం కూడా అలాగే మడత పడుతుందని ఆమె లెక్కకట్టింది. స్పేస్ ఫోల్డ్ అని బయటి శాస్త్రవేత్తలు పిలిచిన దానికి ఆమె స్థలపుమడత అని పేరు పెట్టింది. భీమిలి కొండ మీది ప్రయోగశాలలో, రోలంత గుంటలోకి ఆ అంచును మడిచి తెచ్చి, సూదిమొనంత కన్నం పెట్టింది. అవతల ఇంకో విశ్వం ఉంది. మన దానితో పోలిస్తే బాగా చిన్నది, చాలా చల్లనిది. వేడి తనంతట తానే చల్లని చోటికి పోతుంది కాబట్టి, సముద్రం నుంచి ఉష్ణనాళాలు, అంటే హీట్ పైపులు, తెచ్చి ఆ గుంటలో కలిపితే సరిపోతుంది. చెరువు కట్టకు తూము ఉన్నట్టు మన విశ్వానికి ఒక తూము. అందుకే జనం దాన్ని ఆవలి తూము అన్నారు.

తూము తెరిచే ముందు అటువైపు పిలవాలన్న నియమం చారుమతే పెట్టింది. ప్రధాన సంఖ్యలను వరసగా కాంతి మిణుకులుగా మార్చి అవతలికి పంపాలి. ఏడాది పాటు జవాబు కోసం చూడాలి. ఎవరూ పలక్కపోతే ఆవల ఖాళీ అని రాసుకుని అప్పుడు తెరవాలి.

నియమం బాగానే ఉంది. మూఢం దగ్గర పడింది, అదీ చిక్కు. పిలుపు పంపిన ఏడు శుక్రమూఢం, దాని వెనకే శూన్యమాసం. అవి దాటేదాకా ప్రారంభోత్సవాలకు మంచిరోజులు లేవని పంతులుగారు, అవి దాటితే తనకు తీరిక లేదని మంత్రిగారు. పిలిచి నిండా మూడు నెలలు కాకుండానే కొండ మీద షామియానాలు లేచాయి. పేర్లు చెక్కిన శిలాఫలకం వచ్చింది, పులిహోర పొట్లాలు వచ్చాయి. ఆవల ఖాళీయేనని నిపుణుల సంఘం సంతకాలు చేసింది. మన ఊళ్ళలో ప్రహరీ కట్టని స్థలం ఎవరిదని ఎవరూ అడగరు. ఇల్లు ఊడ్చి, చెత్త అటు విసిరి, చేతులు దులుపుకుని లోపలికి వచ్చేస్తాం. ఇంత పెద్ద విశ్వం విషయంలోనూ మనం అంతకన్నా ఎక్కువ ఆలోచించలేదు. చారుమతి అడ్డు చెప్పాల్సింది. చెప్పలేదు. రెంటచింతలలో ఆమె కూతురు మనోజ్ఞకు నెలలు నిండుతున్నాయి.

తూము తెరుచుకుంది. సముద్రం చల్లబడింది. మబ్బులు పట్టాయి. మనోజ్ఞకు ఆడపిల్ల పుట్టింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో నేలపైన పుట్టిన మొదటి బిడ్డ అది. తొలకరి అని పేరు పెట్టుకున్నారు.

మూఢం ఇంకా వెళ్ళనేలేదు, జవాబు వచ్చింది.

ఆ జవాబు విన్నది శ్రోత. తూము దగ్గర చెవి ఒగ్గి కూర్చునే యంత్రం అది. ఎంత చిన్న మిణుకునైనా పట్టుకుంటుంది. పుస్తకాల నుంచి నేర్చుకున్న తెలుగు కాబట్టి తడబడకుండా, నిదానంగా మాట్లాడుతుంది. అబద్ధం ఆడమంటే ఆడుతుంది గాని, అది అబద్ధమని ఆడమన్నవాళ్ళతో ముందు చెప్పి మరీ ఆడుతుంది.

చారుమతి ఆ జవాబు తీసుకుని డైరెక్టర్ వరహాలు గదికి పరుగెత్తింది. వరహాలుది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఎంత పెద్ద పదవికి వచ్చినా ఊరి మాట వదల్లేదు.

"జవాబొచ్చిందంటన్నావు. ఎవులు చూశారమ్మా?" అన్నాడు.

"మనం పంపిన సంఖ్యలు ఎక్కడ ఆగాయో, ఆ తర్వాతవి వచ్చాయండీ. రాళ్ళూ రప్పలూ లెక్కలు చెయ్యవు కదా. అక్కడ ఎవరో ఉన్నారు వరహాలుగారూ. మన వేడి వాళ్ళ నెత్తిన పోస్తున్నాం."

ఆయన ఇద్దరు తమ్ముళ్ళను ఎండకు పోగొట్టుకున్న మనిషి.

"తూముకి తాళాలు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. ఏది తిప్పినా మూసుకుపోద్ది" అన్నాడు. "నాను తిప్పలేను. నువ్వు తిప్పుతానంటే నానొద్దనను. తిప్పీసి మీ అమ్మాయికి ఫోను చెయ్యి. పసిదాన్ని ఎత్తుకుని మాళిగలోకి దిగిపొమ్మని సెప్పు."

చారుమతి తాళంచెవిని చేతిసంచిలో వేసుకుని తన గదికి వచ్చేసింది. విషయం ఇద్దరి మధ్యే ఉండిపోయింది. తూము తెరిచే ఉంది.

అంకెల నుంచి మాటలకు రావడానికి శ్రోతకు కొన్నేళ్ళు పట్టింది. ఈలోగా తొలకరి నడక నేర్చింది, మాటలు నేర్చింది, పట్టపగలు ఎండలో చెప్పుల్లేకుండా పరుగెత్తడం నేర్చింది. శ్రోత మొట్టమొదట పూర్తిగా చదవగలిగిన సందేశం ఇది:

"మీ పిలుపు వచ్చిన దిక్కు నుంచే మాకు వేడి వస్తోంది. మీరు అక్కడ క్షేమమేనా? మీరూ కాలిపోతున్నారా?"

తిడతారనుకుంది చారుమతి, వేడుకుంటారనుకుంది. క్షేమం అడుగుతారని అనుకోలేదు. ఆవలివాళ్ళు మంచుపొరల్లో మెల్లగా పెరిగే జీవులని శ్రోత తెలుసుకుంది. మనకు గోరువెచ్చనిది వాళ్ళకు నిప్పు. పొరలకు పొరలు కరిగిపోతున్నాయి, పొరతో పాటు అందులో ఉన్నవాళ్ళు కూడా.

"ఏమని జవాబివ్వను?" అడిగింది శ్రోత.

"కాలిపోతున్నామని చెప్పు."

"అది నిజం కాదు."

"తెలుసు. చెప్పు."

ఆ అబద్ధం ఆమెను తినేసింది. ప్రాయశ్చిత్తంగా ఏదో ఒకటి చెయ్యాలనిపించి, తూము ఎలా కట్టాలో వాళ్ళకు నేర్పింది. వాళ్ళ విశ్వానికి రెండో వైపు అంచును మడిచి, కన్నం పెట్టి, ఈ వేడిని అటు వదిలేస్తే బతుకుతారు. వరహాలును అడిగితే, "ఇచ్చీ అమ్మా. మనకేటి పోయింది?" అన్నాడు. పక్కవాడి స్థలంలో చెత్త వేయడం మానలేక, ఆ పక్కవాడికి చీపురు ఇచ్చి అవతలి స్థలం చూపించడమన్నమాట. దాన్నే ఆమె సాయం అనుకుంది. ఆ వారం కంటినిండా నిద్రపోయింది కూడా.

నేర్చుకుంటూ వాళ్ళొక ప్రశ్న వేశారు. "ఆ అంచు అవతల ఎవరైనా ఉంటే?"

"ముందు పిలవండి. ఎవరూ పలక్కపోతే తెరవండి" అని చెప్పించింది చారుమతి.

"ఎంతకాలం ఎదురుచూడాలి?"

ఏడాది అని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. "మీకు న్యాయమనిపించినంత కాలం" అని చెప్పించింది.

రెంటచింతలలో స్వెట్టర్లు అమ్మిన ఆ మే నెలలోనే ఒక ఉదయం శ్రోత ఆమెను పిలిచింది.

"ఆవలివాళ్ళ పిలుపు వచ్చింది."

"ఏమంటున్నారు?"

"నాతో అనడం లేదు. ఈ పిలుపు తూము వైపు నుంచి రాలేదు, ఎదుటి దిక్కు నుంచి వచ్చింది. ప్రధాన సంఖ్యలు, మీరు నేర్పిన వరసలోనే ఉన్నాయి. ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు."

చారుమతికి విషయం వెలిగింది. వాళ్ళ విశ్వం చిన్నది. దాని ఈ అంచు అవతల ఉన్నది మనం. ఆ అంచు అవతల ఉన్నదీ మనమే. అటు అంచుకు వాళ్ళు పెట్టిన సూదిమొనంత కన్నం మన ఆకాశంలోనే తేలింది. మనిషి ఆది నుంచి విశ్వం అవతల ఏముందని తలబద్దలు కొట్టుకున్నాడు. తిరిగి తిరిగి తన పెరట్లోకే వచ్చాడు.

"పిలుస్తున్నది మమ్మల్నేనని వాళ్ళకు తెలుసా?"

"తెలియదు. వేరే ఎవరో అనుకుంటున్నారు. పిలుపు చివర ఒక మాట చేర్చారు. ఎవరైనా పలికితే తెరవరట. పలక్కపోతే ఓపిక ఉన్నంతకాలం ఆగి, తెరుస్తారట."

వరహాలు ఆయాసపడుతూ వచ్చాడు. విషయం విని గోడకు ఆనుకున్నాడు.

"వాళ్ళు తెరిస్తే మనం పోసిందంతా మన నెత్తినే పడుద్దా?"

"అంతా."

"మరి పలుకమ్మా. వేగిరం పలుకు."

"పలికితే వాళ్ళు తెరవరు వరహాలుగారూ. చచ్చిపోతారు."

"తెరవకూడదనే కదమ్మా పలకమంటన్నాను."

బల్ల మీద చేతిసంచి ఉంది. అందులో తాళంచెవి ఉంది. అది తిప్పితే మన తూము మూసుకుపోతుంది, వాళ్ళు బతుకుతారు, ఇంకే అంచూ తవ్వాల్సిన పని ఉండదు. మనం మళ్ళీ మాళిగల్లోకి దిగాలి, అంతే. మాళిగల్లో మనుషులు బతకలేదా అంటే బతికారు. సీతాపతిలాంటివాళ్ళు పోయారు గాని, తక్కినవాళ్ళు బతికారు. చారుమతికి ఇదంతా తెలుసు. సంచి తెరిచింది. తాళంచెవి చేతికి తగిలింది. తొలకరికి ఇప్పటిదాకా మాళిగ అంటే ఏమిటో తెలియదు, చూపించలేదు. ఆ పిల్లను చెయ్యి పట్టుకుని చీకటి మెట్లు దించడం ఆమె కళ్ళముందు మెదిలింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉన్నామని చెప్పు" అంది.

"ఎవరమని చెప్పమంటారు?"

"పేరు వద్దు. వాళ్ళ పిలుపులోని మాటలతోనే, ఇక్కడ ఉన్నాం, తెరవొద్దు అని చెప్పు చాలు."

ఈసారి ఎవరూ పంచాంగం చూడలేదు. మంత్రిగారి తీరిక కనుక్కోలేదు. నిపుణుల సంఘం కూర్చోలేదు. పిలుపు అందిన పూటే జవాబు వెళ్ళిపోయింది. మన పనులు ఇంత చురుగ్గా సాగిన సందర్భం ఆ కొండ మీద మరొకటి లేదు.

ఆవలివాళ్ళ మాట సాయంత్రానికి వచ్చింది. శ్రోత దాన్ని ఎప్పటిలాగే తడబడకుండా చదివింది.

"మీరు ఉన్నారా! చాలా సంతోషం. ఎవరూ లేరేమోనని భయపడ్డాం. మేము తెరవం, మీరు నిశ్చింతగా ఉండండి. మాకు ఇక ఎక్కువ కాలం లేదు, అందుకని ఒక్కటి అడుగుతున్నాం. మాకు ఇటువైపు ఇరుగుపొరుగు ఉన్నారు. ఈ వేడిలో వాళ్ళూ కాలిపోతున్నారు. అయినా మా కోసం ఆలోచించి తమ విద్య మాకు నేర్పారు. మేము పోయాక వాళ్ళతో మాట్లాడేవాళ్ళు ఎవరూ ఉండరు. మంచివాళ్ళు. వీలైతే వాళ్ళను కాస్త చూసుకోండి."

వరహాలు ముఖం తిప్పుకుని గదిలోంచి వెళ్ళిపోయాడు. చారుమతి రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. శ్రోత అడిగింది.

"వాళ్ళు జవాబు కోసం చూస్తున్నారు. ఏమని చెప్పను?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"చూసుకుంటామని చెప్పు" అంది.