నాలుగు వందల పదిహేడో బిళ్ల

గోదావరిఖని అవతలి మట్టిగుట్ట అడ్డదారిని చీకటి పడ్డాక ఎవరూ తొక్కరు. చుట్టూ తిరిగితే రెండు కిలోమీటర్లు ఎక్కువ. అయినా చుట్టే తిరుగుతారు. పీకల దాకా తాగినవాడు కూడా ఆ మలుపు దగ్గరికి రాగానే హ్యాండిల్ తిప్పుతాడు. ఈ మధ్య రెండు మూడేళ్లుగా గుట్ట మీద ఎర్ర దీపం తిరుగుతోందని పుకారు. దాంతో పగలు మేకలు కాసేవాళ్లు కూడా పొద్దుండగానే దిగిపోతున్నారు.

గుట్ట కింద మూతబడ్డ బొగ్గుబాయి ఉంది. బాయిలో భూపాల్ ఉన్నాడు.

నేను దెయ్యాలను నమ్మను. ముప్పై నాలుగేళ్లు బాయిలోకి దిగినవాణ్ణి. లాఠీ దెబ్బలు తిన్నవాణ్ణి. సమ్మెలో నెలంతా గంజి తాగి పిల్లల్ని సాకినవాణ్ణి. నన్ను భయపెట్టడానికి బతికున్నవాళ్లే సరిపోయారు, చచ్చినవాళ్ల అవసరం పడలేదు. బాయిలో నాతో పనిచేసిన కొమురెల్లి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, అంతే.

ముందు ఒక పద్ధతి చెప్పాలి. బాయిలోకి దిగే కార్మికుడు తన నంబరున్న గుండ్రటి బిళ్లను ల్యాంపురూములో ఇచ్చి తలలైటు తీసుకుంటాడు. వాళ్లు ఆ బిళ్లను బోర్డు మీది మేకుకు తగిలిస్తారు. పైకొచ్చాక లైటు ఇచ్చేసి, బిళ్ల తీసుకుని ఇంటికి పోతాడు. మేకుకు బిళ్ల ఉందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నాడన్నమాట.

భూపాల్ నంబరు నాలుగు వందల పదిహేడు. ఇరవై ఎనిమిదేళ్ల కింద బాయి పైకప్పు కూలింది. పదకొండు రోజులు తవ్వారు. దొరకలేదు. అటు పక్క గోడ కట్టేశారు. కొన్నాళ్లకు బాయే మూతబడి, నీళ్లతో నిండిపోయింది. ల్యాంపురూము కూలగొట్టిన నాడు కూడా ఆ బిళ్ల మేకుకే ఉంది.

నిజానికి ఆ షిఫ్టు కొమురెల్లిది. యూనియన్ గేటు మీటింగుకు మనుషులు కావాలని అతణ్ణి పిలిచింది నేను. అతను భూపాల్‌తో షిఫ్టు మార్చుకున్నాడు. ఆ సంగతి మేమిద్దరం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

మొన్నటి మే నెల. పగలు నలభై ఆరు, నలభై ఏడు డిగ్రీలు. గుట్ట మీద ఎప్పుడో నాటిన వేప, కానుగ, నల్లతుమ్మ నిలబడే ఎండుతున్నాయి. కొమురెల్లి ఒక బొగ్గు స్టాక్‌యార్డులో రాత్రి కాపలా. అరవై ఆరేళ్లకు కాపలా ఏమిటని అడక్కండి, నాకు కోపమొస్తుంది.

ఆ తెల్లవారుజామున అతని సైకిలు పంక్చరైంది. రెండు కిలోమీటర్లకు మోకాళ్లు ఒప్పుకోలేదు. సైకిలును గుట్ట మొదట్లో ఆనించి, నాలుగున్నరకు అడ్డదారి పట్టాడు.

సగం గుట్ట ఎక్కాడు... గాలి లేదు. ఆకు కదలడం లేదు.

ముందు ఎర్రటి వెలుగు. మనిషి తల ఎత్తులో.

ఆగాడు. వెలుగూ ఆగింది.

అప్పుడు వినిపించింది— స్స్‌స్... అని, ఎవరో పళ్ల సందున ఊపిరి వదిలినట్టు. ఆగింది. మళ్లీ... స్స్‌స్...

ఆ తర్వాత గుసగుస. ఆడగొంతో మగగొంతో తెలియలేదు.

“నాలుగు వందల పదిహేడు... కింద నీళ్లున్నయ్... ఇంక తాగుడు ఆపలే.”

కొమురెల్లి లుంగీ సంగతి నాతో చెప్పలేదు. నేనూ అడగలేదు.

వెలుగు మెల్లగా దిగువకు జారి చెట్లలో కలిసిపోయింది. అప్పుడు ఫోను లైటు వేశాడు. ఎదురుగా కానుగ చెట్టు. మొద్దు చుట్టూ ఉక్కు పట్టీ, పట్టీకి చిన్న డబ్బా. దాని పైన ఒక మేకు. మేకుకు గుండ్రటి బిళ్ల.

417.

మీరైతే పరుగెత్తేవారు. నేనూ పరుగెత్తేవాణ్ణే. కొమురెల్లి పరుగెత్తలేదు. ఆ బిళ్లను మేకు మీంచి దించాల్సిన మనిషి తానే అని అతనికి ఇరవై ఎనిమిదేళ్లుగా తెలుసు.

“ఇగ చాలు భూపాలూ... ఇంటికి పోదాం పా బావా,” అన్నాడు. గోళ్లు చీరుకుపోయి రక్తం కారేదాకా గుంజి, మేకుతో సహా ఊడదీశాడు.

నేరుగా సారవ్వ ఇంటికి నడిచాడు. సారవ్వ భూపాల్ భార్య. వాకిలి ఊడుస్తోంది.

“అక్కా... గిదో. బావ షిఫ్టు దిగిండు.”

సారవ్వ బిళ్లను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తలుపులోంచి గోడ గడియారం చూసింది.

“ఐదు నలభై,” అంది. “గిన్నేండ్లకు దిగిండా? ఓవర్‌టైమన్న ఇచ్చిండ్రా?”

“నవ్వకక్కా.”

“ఎవరు నవ్వుతున్నరు?”

లోపలికి పోయి పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్లు పెట్టింది. భూపాల్ షిఫ్టు దిగి వచ్చినప్పుడల్లా స్నానానికి అట్లాగే పెట్టేది. నీళ్లు కాగాయి. ఇద్దరూ వాటి ముందు కూర్చున్నారు. ఎవరూ స్నానం చేయలేదు.

ఎనిమిదింటికి నేను టీకొట్టు దగ్గర ఉంటే ఒక పిల్ల వచ్చి, గుట్ట కింద సైకిలు ఎవరిదని అడిగింది. పేరు భావ్య, మంథని వాళ్లు. అడవుల మీద, చెట్ల మీద పరిశోధన చేస్తోందట. సైకిలును గుర్తుపట్టి నేనే వెంటబెట్టుకుని పోయాను. కొమురెల్లి ఇంట్లో లేడు. సారవ్వ ఇంట్లో దొరికాడు.

“కాకా, నా చెట్టు బిళ్ల తీసింది నువ్వేనా?”

“నీ చెట్టేంది?”

అప్పుడు చెప్పింది. పగలు ఎండకు చెట్టు మొద్దు వెంట్రుక మందం సన్నబడుతుందట. రాత్రి నీళ్లు తాగి మళ్లీ ఉబ్బుతుందట. పట్టీకున్న డబ్బా ఆ తేడాను పది నిమిషాలకోసారి రాసుకుంటుంది. తెల్లారకముందే ఆకు తెంపి, ఉక్కు గిన్నెలో బిగించి గ్యాసు వదిలితే చెట్టు ఎంత దప్పిక మీద ఉందో తెలుస్తుంది. స్స్‌స్ అన్నది ఆ గ్యాసు. ఎర్ర లైటు ఆమె నెత్తిన కట్టుకున్నది, పురుగులు ముసరకుండా. గుసగుస ఆమె తన ఫోనుకు చెప్పుకుంటున్నది.

“గంతేనా?” అన్నాడు కొమురెల్లి. అతని ముఖంలో భయం పోయిన సంబరం నాకు కనబడలేదు.

“గంతే కాదు కాకా. ఆరువందల చెట్లకు బిళ్లలు కొట్టి మూడేండ్ల సంది చూస్తున్న. ఈ ఎండలకు అన్ని బక్కపడుతున్నయ్. అదొక్కటే రాత్రి రాత్రి ఉబ్బుతది. దాని వేరు ఏదో పగులు పట్టుకొని కింద పాత బాయి నీళ్ల దాక పోయినట్టుంది. ఎట్ల పోయిందో తెలిస్తే, రేపు ఇంకింత ఎండలొస్తే ఏ చెట్టు పెట్టాల్నో తెలుస్తది. నా పనంత దాని మీదనే ఉంది. నా బిళ్ల నాకియ్యి.”

పాత బాయి నీళ్లు అనగానే అందరం తలలు దించుకున్నాం. ఎందుకో ఆ పిల్లకు తెలియదు. నేను చెప్పాను. గేటు మీటింగు సంగతి కూడా చెప్పాను. కొమురెల్లి మొదటిసారి నా వైపు చూశాడు.

సారవ్వ బిళ్లను కొంగున ముడేసుకుంది. “వేరే కొట్టుకో బిడ్డా. ఇంటికొచ్చిన మనిషిని మళ్ల దింపుతరా?”

భావ్య వేరే కొట్టుకుంది. ఆరువందల ఒకటి.

కథ ఇక్కడితో అయిపోవాలి. గ్యాసు, లైటు, ఫోను. దెయ్యం లేదు, గాడిదగుడ్డు లేదు అని నేను టీకొట్టులో పదిమందికి గొంతు చించుకుని చెప్పాను.

నెల తిరక్కముందే భావ్య నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కానుగ ఆకంతా రాల్చేసిందని చెప్పింది. అటూ ఇటూ ఉన్నవి బక్కగానే అయినా బతికే ఉన్నాయట.

“మేకు పీకితే చెట్టు చస్తదా?” అన్నాను.

“చావదు కాకా. డబ్బా మంచిగనే ఉన్నది. ఏమని రాయాల్నో తెలుస్తలేదు.”

“ఎండలకు పోయిందని రాయి! ఎండలు ఎవల్ని వదిలినయ్?” అని కసిరాను. ఆ కోపం ఎవరి మీదో నాకే తెలియదు.

భావ్య ల్యాప్‌టాప్ తెరిచింది. మూడేళ్ల గీత. రాత్రంతా పైకి, పగలంతా కిందికి. తెల్లారితే ఏ చెట్టైనా తాగుడు ఆపి, మళ్లీ రాత్రికి మొదలుపెడుతుందట. ఇది మొదలుపెట్టలేదు. ఆఖరుసారి ఎక్కడిదాకా లేచిందో వేలు పెట్టి చూపించింది.

ఆ తేదీ నాకు తెలుసు, బిళ్ల సారవ్వ చేతికి చేరిన రోజు. కొమురెల్లి బిళ్ల ఊడదీసింది ఐదు కాకముందే. చెట్టు ఆ తర్వాత కూడా తాగుతూనే ఉంది. తేదీ పక్కన టైమేసి ఉంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాను.

ఐదు నలభై.