పాత తేదీతో వెళ్ళిన మెయిల్

"మన బడి నుంచి అసలు మెయిలే రాలేదంటున్నారు!" ఫోన్ పెట్టేస్తూ అంది పిల్లలంతా ఎజే, అంటే అక్కా, అని పిలిచే టీచర్ గుల్‌సున్. "పోటీకి పేర్లిచ్చే గడువు ఈ సాయంత్రంతో సరి."

క్లాసంతా ఎల్దార్ వైపు తిరిగింది. గుంటల్లో గులకరాళ్ళు పంచుతూ ఆడే తొగుజ్ కొర్గూల్‌లో వాణ్ణి ఓడించినవాళ్ళు బడి మొత్తంలో లేరు. ఎండాకాలం నుంచీ ఆ పోటీ కోసమే కలలు కంటున్నాడు.

"వీడే అడ్రస్ తప్పు కొట్టుంటాడు!" అనేసింది జీబెక్. "టైప్ చేసింది వీడేగా!"

"ఒకటికి రెండుసార్లు చూసుకున్నా." అన్నాడు ఎల్దార్.

"అయితే మెయిల్‌కి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

పిల్లలు పకపకా నవ్వారు. వాడు తల దించుకున్నాడు.

"ఉండండి, ఇప్పుడే తేలుస్తా!" జీబెక్ కంప్యూటర్ ముందు కూర్చుంది. పట్టు పడితే వదిలే పిల్ల కాదు. పంపిన మెయిళ్ళు తెరిచింది. పైన లేదు. కిందికి జరిపింది. ఇంకా కిందికి. అదిగో, అట్టడుగున ఉంది! అడ్రస్‌లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. తేదీ మాత్రం వాళ్ళింకా బడిలోనే చేరని ఏడాదిది.

జీబెక్ ఆ తేదీ మళ్ళీ చదివింది.

ఆ కంప్యూటర్ లోపలి బ్యాటరీ ఎప్పుడో పోయింది. కరెంటు పోయి వస్తే చాలు, పాత తేదీ చూపిస్తుంది. అందుకే పొద్దున్నే బోర్డు తుడవడం, తేదీ సరిచేయడం ఆ రోజు డ్యూటీ ఉన్నవాళ్ళ పని. మెయిల్ పంపిన రోజు డ్యూటీ జీబెక్‌దే. ఆ ముందు రాత్రి కరెంటు పోయింది, బయట కొత్త మంచు పడింది. తేదీ ఎవరు చూస్తార్లే అనుకుని మంచుబండి లాక్కుని పరుగెత్తింది.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. కానీ అటు ఎల్దార్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎజే, అడ్రస్ కరెక్టే. తప్పు నాది, నేనే తేదీ మార్చలేదు. ఫోన్ ఇవ్వండి, నేనే మాట్లాడతా."

అవతల పోటీవాళ్ళ మనిషి విసుక్కున్నాడు. "రాలేదని చెప్పాగా!"

"అన్నా, అది పైన ఉండదు. మెయిల్ మీద పంపిన కంప్యూటర్ తేదీయే పడుతుంది. మాది పాత తేదీ చూపించింది. అడుగున చూడండి."

"అక్కడెన్ని మెయిళ్ళున్నాయో తెలుసా?"

"ఎంతసేపైనా లైన్లోనే ఉంటా."

ఫోన్‌లో మౌస్ టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"ఇదిగో... ఎల్దార్... ఉందమ్మాయ్, ఉంది!"

క్లాసు గోలగోలైపోయింది. జీబెక్ ఎల్దార్ దగ్గరికి వెళ్ళింది. "అందరి ముందూ నిన్ను అన్నాను. సారీ."

"పోన్లే, మెయిల్‌కి రెక్కలైతే రాలేదుగా," అన్నాడు వాడు.

రాత్రి మళ్ళీ కరెంటు పోయింది. పొద్దున డ్యూటీ ఎల్దార్‌ది. వాడొచ్చేసరికి జీబెక్ చలికి వేళ్ళు ఊదుకుంటూ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

"ఇవాళ నీ వంతు కాదుగా?"

"నువ్వెళ్ళి ప్రాక్టీస్ చేసుకో. తేదీ నేను చూస్తా."

బయట పిల్లలు మంచుబండ్ల మీద కేరింతలు కొడుతున్నారు. జీబెక్ గోడమీది క్యాలెండర్ ఒకసారి చూసింది, కంప్యూటర్‌లో తేదీ సరిచేసింది, మళ్ళీ క్యాలెండర్ చూసింది. అప్పుడు లేచింది.