కత్తెర పట్టే చెయ్యి

"కాస్త ఆగండి. ఆ చెయ్యి కిందికి దించండి."

కత్తెర గాలిలోనే ఆగిపోయింది. సెలూన్ కుర్చీలో కూర్చున్న అమ్మాయి అద్దంలోంచి అతణ్ణే చూస్తోంది. జుట్టు సగమే కత్తిరించాడు. బయట వాన మొదలైంది.

"పొట్టిగా అయిపోయిందా మేడమ్?"

"జుట్టు సంగతి కాదు. మీరు చెయ్యి లేపినప్పుడల్లా భుజం చెవి దాకా వస్తోంది, నడుము పక్కకి వంగుతోంది. ఎన్నాళ్ళుగా నొప్పి?"

"నొప్పేం లేదండీ."

"నేను ఫిజియోథెరపిస్టుని. పక్క వీధిలో మా క్లినిక్. మీరు దాచినా మీ భుజం దాచదు."

అతనికి ఒళ్ళు మండింది. "సగం జుట్టుతో కూర్చుని ఇంత ధైర్యంగా మాట్లాడిన కస్టమర్ని నేనింతవరకూ చూళ్ళేదు."

ఆమె నవ్వింది. గుమ్మం దగ్గర కూర్చున్న అతని తండ్రి కూడా నవ్వి, ఎడం చేత్తో పేపరు తిప్పాడు. ఒకప్పుడా కత్తెర ఆయనదే. ఇప్పుడు ఆయన కుడి చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. ఆమె ఆయన్ని చూసింది, మళ్ళీ ఇతన్ని చూసింది.

"ఆయనకీ ఇలాగే మొదలైందా?" అని మెల్లగా అడిగింది.

అతను మళ్ళీ కత్తెర ఆడించాడు. మిగతా జుట్టు జాగ్రత్తగా కత్తిరించి పంపాడు. ఆ వారంలోనే, తడిసిన గొడుగుతో, క్లినిక్ తలుపు తోశాడు.

ఆమె అతణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి, వీపు మీద రెక్క ఎముకపై అరచెయ్యి ఆనించింది. "చెయ్యి మెల్లగా లేపండి. ఈ ఎముక జరిగితేనే చెయ్యి పైకి వెళ్తుంది. మీది బద్ధకిస్తోంది. దాని బరువంతా పై కండరాలు మోస్తున్నాయి. ఇప్పుడే సరిచేసుకుంటే సరే. వదిలేస్తే కీలు బిగుసుకుపోవచ్చు."

పుట్టినప్పటినుంచీ తన వీపులో ఇంత పని జరుగుతోందని అతనికి తెలియదు.

"మా తాతకీ నాన్నకీ ఇంతేనండీ. మా రక్తంలో ఉంది."

"రక్తంలో కాదు, మీ కుర్చీలో ఉంది. అంత ఎత్తు పెట్టి, రోజంతా చేతులు పైకెత్తి కత్తిరిస్తే ఎవరి భుజమైనా మొరాయిస్తుంది. కుర్చీ దించండి."

ఇంటిల్లిపాదీ తలరాత అనుకున్నది, కుర్చీ కింద కాలితో నొక్కే ఒక పెడల్ దగ్గర ఆగి ఉందా?

ఆమె ఎదురుగా నిలబడి, తలుపుకి కట్టిన రబ్బరు పట్టీని లాగుతూ వ్యాయామం చూపించింది. అతను ఇంటికెళ్ళి రోజూ చేశాడు. కొన్ని వారాల తర్వాత ఆమె మళ్ళీ చూస్తే కుడి భుజం ఎక్కడిదక్కడే ఉంది.

ఆమె ముఖం వాడిపోయింది. "చెయ్యడం లేదు కదూ?"

"రోజూ చేస్తున్నానండీ."

"నాతో ఆడుకోకండి. పోతే మీ చెయ్యే పోతుంది."

"ఒట్టు. కావాలంటే చూడండి." అతను ఠీవిగా పట్టీ అందుకున్నాడు, ఎడం చేత్తో.

ఆమె ఆ చేతిని పట్టి ఆపింది. "నొప్పి కుడి చేతికి కదా?"

"మీరు ఈ వైపే చూపించారు."

"నేను మీకు ఎదురుగా ఉన్నాను మహానుభావా."

"అద్దంలో చూస్తూ బతికేవాణ్ణి. ఎదురుగా మనిషి ఉంటే నాకు అద్దమే. ఏ నరం ఎక్కడ కలుస్తుందో మీకు తెలుసు కదా అనుకున్నా." కాస్త తటపటాయించి అన్నాడు, "పైగా ఆ రోజు నేను చూసింది భుజాన్ని కాదు లెండి."

ఆమె నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "మీ ఎడం భుజం బంగారంలా ఉంది. దాన్నక్కడ వదిలేసి ఇటు రండి."

ఆ రోజునుంచి ఆమె అతని పక్కనే నిలబడి చూపించింది.

వానలు తగ్గాక ఒక సాయంత్రం, "ఇప్పుడు లేపండి" అంది. కుడి చెయ్యి లేచింది. భుజం దాటింది, చెవి పక్కగా నిటారుగా నిలిచింది. ఆమె అరచేతి కింద రెక్క ఎముక చేపలా నిశ్శబ్దంగా జారింది. ఎన్ని భుజాలు చూసిందో, అయినా ఆ క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టింది.

"అంతే," అంది చివరికి. "ఇక మీరు నా దగ్గరికి రానక్కర్లేదు. వ్యాయామం మాత్రం మానకండి."

సంతోషించాల్సిన మాటే, అయినా అతను స్టూలు మీంచి లేవలేదు.

"ఒక మాట అడగాలి. చెయ్యి బాగయ్యేదాకా ఆగాను. మా నాన్నకి తల మా అమ్మ దువ్వుతుంది. నన్ను చేసుకునే అమ్మాయికి ఆ చాకిరీ పెట్టకూడదని వచ్చిన సంబంధాలన్నీ వద్దన్నాను. ఇప్పుడు అడగొచ్చనిపిస్తోంది, మిమ్మల్ని."

"చెయ్యి లేవకపోతే అడిగేవారు కాదా?"

"లేదండీ."

ఆమె రబ్బరు పట్టీని మెల్లగా చుట్టింది. "అమ్మ దువ్వుతుంటే నాన్నగారు ఏం చేస్తారు?"

అతను ఆలోచించాడు. "కళ్ళు మూసుకుంటాడు. ఒక్కోసారి ఏదో కూనిరాగం తీస్తాడు." అంటూనే ఆగిపోయాడు. రోజూ కళ్ళెదుటే ఉన్నదాన్ని అతనెప్పుడూ చూడలేదు.

"నేను ఆపగలిగేది జబ్బుని. మనిషికి మనిషి సాయం పట్టడాన్ని కాదు. ఆపాలని కూడా లేదు." ఆమె చుట్టిన పట్టీని పక్కన పెట్టింది. "రేపు నా చెయ్యే లేవలేదనుకో?"

"అడగాలా అండీ? నాకు వచ్చిన పనే అది."

"ముందు ఆ అండీ తీసెయ్యి. రేపు మీ నాన్నగారిని తీసుకురా. ఆ చెయ్యి పూర్తిగా రాకపోవచ్చు, కొంతైనా వస్తుందేమో చూద్దాం."

"ఆయన ఆస్పత్రులంటే కదలడు. ఏమని చెప్పను?"

ఆమె లైటు ఆర్పడానికి అటు తిరిగింది.

"కోడలు రమ్మందని చెప్పు."