బీడని రాసిన చేను

"మా చేను బీడని రాసింది మీరేనామ్మా?"

హోసూరు ఆఫీసులో పంటల సర్వే వివరాలు ఎక్కిస్తున్న దివ్యశ్రీ తలెత్తింది. ఎదురుగా ఉన్న యువకుడి చేతిలో తిరిగొచ్చిన అర్జీ ఉంది. పేరు విష్ణువర్ధన్, ఊరు జవళగిరి. ఏనుగులు తొక్కిన రాగి పంటకు సర్కారు ఇచ్చే పరిహారం అతనికి రాలేదు. సర్వేలో ఆ చేన్లో పంటే లేదని ఉంది.

"నేను వచ్చినప్పుడు ఆడ ఏమీ లేదు. ఫోటో ఉంది, చూడండి."

"ఒక్క మనిషినైనా అడగాల కదా?"

"దినానికి ఎనభై చేన్లు సార్. అందరినీ అడుగుతా పోతే నాకు పెళ్లీడు దాటిపోతుంది."

అతను నవ్వలేదు.

"పంట లేని చేన్లో మా నాయన కావలి ఎందుకు పండుకున్నాడమ్మా? ఏనుగు ఆయన కాలు తొక్కింది ఆడే. మీరు వచ్చిన దినం మేమంతా ఆసుపత్రిలో ఉన్నాము."

దివ్యశ్రీకి గుర్తొచ్చింది. ఆ రోజు వాన. బురదలో దిగలేక, గొడుగు పట్టుకుని రోడ్డు మీద నుంచే ఫోటో తీసింది.

ఆదివారం ఆమె జవళగిరి బస్సు దిగింది. విష్ణు బైక్ మీద చేనికి తీసుకుపోయాడు. విరిగిన రాగి మోళ్ల మధ్య ఏనుగు అడుగులు గట్టిపడి ఉన్నాయి.

"ఈ దినం వాన లేదు, అందుకే దిగినారు" అన్నాడు.

"ఈ దినం వాన ఉన్నా దిగేదాన్నే" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఇంట్లో అతని తండ్రి వీరప్ప మంచంలో ఉన్నాడు. మోకాలి కింద చీము పట్టింది. పరిహారం వస్తే రెండో ఆపరేషన్ చేయించాలని చూస్తున్నారు.

"ఈ పాపేనా మన చేన్ని బీడు చేసింది?" అని ఆయన నవ్వి, భార్యను పిలిచాడు. "బసవమ్మా, సంగటి పెట్టు. ఎండన పడి వచ్చింది."

మరునాడే దివ్యశ్రీ, తాను చేన్లోకి దిగకుండానే ఫోటో తీశానని రాసిచ్చింది. సర్వే కాంట్రాక్టు తీసుకున్న కంపెనీ ఆమెను పనిలోంచి తీసేసింది. ఆమె ఒక ఫ్యాక్టరీలో చేరింది. సాయంత్రాలు విష్ణు ఫోన్ చేసేవాడు. మొదట అర్జీ సంగతి, తరువాత నాయన సంగతి, ఆ తరువాత ఏ సంగతీ లేకుండానే.

ఒక నెల ఫోన్లు ఆగిపోయాయి. ఆమె చేసినా ఎత్తలేదు.

ఒక సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, గుండుతో. ఆమెకు అర్థమైంది.

"ఎప్పుడు?"

"పదహైదు దినాలయింది. డబ్బు నిన్న పడింది."

ఆమె చాలాసేపు ఏడ్చింది. అతను పక్కనే నిలబడ్డాడు.

"నా వల్లే ఆలస్యమయింది విష్ణూ. నేను మరిచిపోలేను."

"నేనూ మరిచిపోను. మరిచిపోయినట్టు నీ దగ్గర నటించను. ఫోన్ అందుకే ఎత్తలేదు. కోపంగా ఉన్నింది." అతను గుండు నిమురుకున్నాడు. "అయినా దినామూ నీకు చెప్పాలనే అనిపించింది. నాకు నువ్వు కావాల దివ్యా."

"మీ అమ్మ?"

"ఆమే పంపించింది. తోడుకొని రమ్మంది."

షిఫ్ట్ బస్సు హారన్ కొట్టింది. దివ్యశ్రీ ఎక్కలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, ముఖం తుడుచుకుంది.

"అత్తకు ఏం తీసుకొని పోదాము?" అంది.