ఊరికే వచ్చి కూర్చో చాలు

సాయంత్రం ఐదైంది. సన్నగా వాన పడుతోంది. గొడుగు వెయ్యాలా వద్దా అని తేల్చుకోలేని వాన.

నేను లాండ్రీలో పని చేస్తాను, మా ఆయన బస్సు డిపోలో. ఆ రోజుకి ఆఖరి దుప్పటి మడతపెట్టి కౌంటర్ మీద పెడుతుంటే మా తోడికోడలు వచ్చింది. మా ఆయన తమ్ముడి భార్య. గొడుగు మూసి, తలుపు దగ్గరే నిలబడి, "అక్కా" అంది. దేనికొచ్చిందో ఆ పిలుపులోనే తెలిసిపోయింది.

కొన్నాళ్లుగా ఆమెకి అదే లోకం. ఏదో బలం పొడి. పాలల్లో కలుపుకుని తాగాలట. మోకాళ్ల నొప్పులు పోతాయి, జుట్టు రాలదు, పిల్లలకి లెక్కలొస్తాయి. అయితే అందులో అమ్మడం కాదు ముఖ్యం, మనుషుల్ని చేర్పించడం. నువ్వు ఇద్దర్ని తేవాలి. ఆ ఇద్దరూ చెరో ఇద్దర్ని తేవాలి. అలా కిందికి, కిందికి పోతూనే ఉంటుంది. వాళ్లింట్లో మంచం కింద డబ్బాలు, మెట్ల కింద డబ్బాలు, ఫ్రిజ్ మీద డబ్బాలు. మా మరిది ఒక డబ్బా మీద కూర్చుని, ఇంకో డబ్బా మీద కంచం పెట్టుకుని అన్నం తింటున్నాడు.

"ఇవాళ ఒక్కరోజు రా అక్కా. ఏం కొనక్కర్లేదు. ఏం మాట్లాడక్కర్లేదు. ఊరికే వచ్చి కూర్చో చాలు."

"పిల్లలు ట్యూషన్ నుంచి వచ్చే వేళకి ఇంట్లో ఉండాలి."

"నా పిల్లలూ అక్కడే కదా. నలుగురూ కలిసి వస్తార్లే. తాళం పక్కింట్లో ఉంటుందిగా."

"నాకవన్నీ ఎక్కవే. నా మొహం చూసి ఎవరు చేరతారు?"

"నీ మొహం ఎవరిక్కావాలి? నాకు కుర్చీ నిండితే చాలు." నవ్వింది. అంతలోనే ఆ నవ్వు పోయింది. "ఒక్కళ్లనైనా తీసుకెళ్లకపోతే నిలబెడతారక్కా. మీటింగ్ అయ్యేదాకా. అందరి ముందూ. పోయిన వారం నిలబడ్డాను. అంతకుముందు వారం కూడా."

జాలేసింది. వెళ్లాను.

ఫర్నిచర్ షాపు మీద పెద్ద గది. కిటికీలన్నీ మూసేశారు. తడి గొడుగుల వాసన, కొత్త ప్లాస్టిక్ వాసన, చెమట వాసన. నీలం రంగు కుర్చీలు రెండేసి చొప్పున ఎదురెదురుగా వేశారు. ఒక దాంట్లో మనిషి. ఎదురుగా ఉన్నది ఖాళీ. గదంతా అంతే.

గోడ వారగా కొంతమంది నిలబడి ఉన్నారు. నిలబెట్టినవాళ్లు. వాళ్లలో రిటైరైన కండక్టర్ ఒకాయన ఉన్నాడు. మా లాండ్రీకి వచ్చే మనిషే. కాలరుకి గంజి తక్కువైందని నాతో కొట్లాటకి దిగేవాడు. ఇప్పుడు తలవంచుకుని ఉన్నాడు. కాళ్లు వణుకుతున్నాయి.

"మోకాళ్ల నొప్పులా బాబాయ్? మన పొడి తాగట్లేదా?" అన్నారెవరో.

గదంతా గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వకపోతే వచ్చే వారం కూడా నిలబెడతారట. అందరికంటే గట్టిగా నవ్వింది మా తోడికోడలు.

మీటింగ్ నడిపే మనిషిని అందరూ సార్ అంటారు. సన్నటి మనిషి. మెత్తటి గొంతు. రోగి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

"ఇవాళ పిలవడం నేర్చుకుందాం," అన్నాడు. "మీ ఎదుట ఖాళీ కుర్చీ ఉంది. మీకు బాగా కావలసిన మనిషిని అందులో కూర్చోబెట్టుకోండి. ఆలోచించకండి. ముందు ఏ మొహం గుర్తొస్తే ఆ మొహం. పిలవండి. సరే అనేదాకా ఆపకండి."

గది గోలగోలైపోయింది. అందరూ ఖాళీ కుర్చీలతో మాట్లాడుతున్నారు. బావా నువ్వు రావాలి, వదినా నీకోసమే చెప్తున్నా, మేడమ్ ఒక్క అరగంట. నా వెనకావిడ కుర్చీతో దెబ్బలాటే పెట్టుకుంది. "నీ పెళ్లికి నేనొచ్చానా లేదా? మూడు రోజులు వంటింట్లో చచ్చానా లేదా?"

సార్ కుర్చీల మధ్య తిరుగుతున్నాడు. ప్రతి ఖాళీ కుర్చీ దగ్గరా ఆగి, కూర్చునే చోట అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపి ముందుకు పోతున్నాడు.

నేను నా ఎదుటి కుర్చీ వంక చూస్తూ కూర్చున్నాను.

నా వెనక వచ్చి ఆగాడు. "ఎవరొచ్చారమ్మా?"

"ఎవరూ రాలేదండి."

"వచ్చారు. అందరూ ఎదుటి మనిషి మొహం ఉండే చోటికి చూస్తున్నారు. మీరు కిందికి చూస్తున్నారు. చిన్నపిల్లా?"

నేను కుర్చీ మీంచి చూపు తిప్పుకున్నాను.

పక్కనుంచి తోడికోడలు గుసగుసగా అడిగింది. "గువ్వేనా అక్కా?"

ఆ పేరు మా ఇంట్లో ఎత్తం. గువ్వ నా మొదటి కూతురు. నాలుగేళ్ల పిల్ల. అప్పుడు మేం వేరే ఇంట్లో ఉండేవాళ్లం. నీళ్ల ట్యాంకరు వాడు సంపు నింపి, మూత వెయ్యకుండా పోయాడు. అంతే. ఆ తర్వాత పెద్దోడు పుట్టాడు. ఆ తర్వాత చిన్నది. పెద్దోడంటాం గానీ వాడు రెండోవాడు. ఆ సంగతి వాడికి తెలీదు. చిన్నదానికీ తెలీదు. ఇంట్లో ఫొటో కూడా లేదు. నేను తట్టుకోలేనని ఆయనే తీసేశారు.

మా తోడికోడలు సార్‌కి అంతా చెప్పేసింది. ట్యాంకరు, సంపు, మూత. చుట్టూ ఉన్నవాళ్లు తమ కుర్చీల్ని వదిలేసి వింటున్నారు.

"పిలవండి," అన్నాడు సార్.

"వద్దండీ. పోయిన పిల్ల."

"పోయినవాళ్లకి మాత్రం మనుషులు అక్కర్లేదా అమ్మా? పిలవండి. లేకపోతే మిమ్మల్ని తీసుకొచ్చినావిడ నిలబడాలి."

తోడికోడలు నా మణికట్టు పట్టుకుంది. "మాటే కదక్కా... నీకు పుణ్యముంటుంది."

"గువ్వా," అన్నాను. "రా."

నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఊరికే రమ్మంటే ఎవరొస్తారమ్మా? వస్తే తనకేం దొరుకుతుందో చెప్పాలి."

"తమ్ముడున్నాడు," అన్నాను. "చెల్లి ఉంది. నువ్వు వాళ్లని చూళ్లేదు."

"ఎక్కడున్నారో చెప్పండి. చిన్నపిల్లకి వెతుక్కునే పని పెట్టకూడదు."

చెప్పాను. ఎందుకు చెప్పానంటే... ఇన్నేళ్ల తర్వాత పిల్లతో మాట్లాడుతున్నాను. అదొక్కటే ఉంది నా బుర్రలో. మందుల షాపు పక్క సందు. పచ్చ గేటు. మేడ మీద గదిలో ట్యూషన్. వీధి లైట్లు వెలిగేవేళకి వదులుతారు.

గదిలో మాటలు ఆగిపోయాయి.

ఖాళీ కుర్చీ ముందు అంచు కొంచెం వంగింది. మళ్లీ లేచింది. ఇంకోసారి వంగింది. చిన్నపిల్లలు పెద్ద కుర్చీ ఎలా ఎక్కుతారు? ముందు చేతులు ఆనిస్తారు. తర్వాత ఒక మోకాలు. తర్వాత ఇంకో మోకాలు... అలా. ఆఖరికి కుర్చీ కిర్రుమంది.

వాసన వచ్చింది. పాచి. సిమెంటు. ఎండ తగలని నీళ్లు.

సార్ వంగి, కూర్చునే చోట అరచెయ్యి ఆనించాడు. ఈసారి తల ఊపలేదు. చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ప్యాంటు మీద తడి మరక పడింది.

"ఒప్పుకుంది. చప్పట్లు."

అందరూ కొట్టారు. గోడ దగ్గరి కండక్టర్ కూడా కొట్టాడు.

సార్ కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు. "మన పద్ధతి చెప్తాను విను పాపా. ఇద్దర్ని తేవాలి. ఇవాళే. తెస్తే పంపించేస్తాం. తేకపోతే నిలబెడతాం."

తోడికోడలు నన్ను వాటేసుకుంది. కళ్లనిండా నీళ్లు. సంతోషం. "అది నీ కింద చేరితే నా కింద చేరినట్టే అక్కా. ఇంక నన్ను నిలబెట్టరు!"

నేను కుర్చీ వంకే చూస్తున్నాను. మళ్లీ కిర్రుమంది. అంచు వంగింది. లేచింది.

దిగిపోయింది.

లేచాను. కుర్చీలు తన్నుకుంటూ తలుపు దాకా పరిగెత్తాను. మెట్ల దగ్గర లైటు లేదు. ఫోన్ లైటు వేశాను. పొడి మెట్లు. వాటి మీద తడి పాదాలు. నా అరచెయ్యంత కూడా లేవు. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, తర్వాత ఇంకో మెట్టు. గువ్వ మెట్లు అలాగే దిగేది.

వీధిలో వాన. పాదాలు వానలో కలిసిపోయాయి.

నేను ట్యూషన్‌కి చేరేసరికి వీధి లైట్లు వెలిగి ఉన్నాయి. టీచర్ చాపలు చుట్టేస్తోంది.

"ఇప్పుడే వెళ్లారండీ నలుగురూ. వాళ్లక్క వచ్చిందిగా."

"ఏ అక్క?"

"ఏమో మరి. మీ చిన్నదే అంది, మా అక్క వచ్చిందని. నాకు నవ్వాగలేదు. మోకాలంత పిల్లని పట్టుకుని అక్కా అక్కా అంటోంది." నా మొహం చూసి నవ్వు ఆపింది. "వానలో నానిపోయినట్టుంది పాపం. టవల్ ఇచ్చాను. ఎంత తుడిచినా... తుడిచినకొద్దీ నీళ్లు కారుతూనే ఉన్నాయి."

పాత ఇంటికి పరిగెత్తాను. ఇంకెక్కడికి తీసుకెళ్తుంది?

ఇప్పుడక్కడ ఇల్లు లేదు. కార్లు పెట్టుకునే చోటు. సంపు ఉన్న మూల సిమెంటు పలక ఉంది. దాని మీద పడి, చెవి ఆనించాను.

కింద నీళ్లు కదులుతున్నాయి. ఎవరో ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంటున్నట్టు. ఒకళ్లు కాదు.

పలక లాగాను. గోళ్లు విరిగాయి. పలక కదల్లేదు. వాచ్‌మన్ టార్చి వేసుకుని వచ్చాడు.

"ఏం చేస్తున్నావమ్మా?"

"పిల్లలు... నీళ్లల్లో..."

"నీళ్లెక్కడివి? ఎప్పుడో మట్టి పోసి పూడ్చేశారు దాన్ని. లే, లే. ఇంటికెళ్లు."

ఇంటికి వెళ్లాను.

తలుపు తీసి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. చిన్నది నేల మీద కూర్చుని తల తుడుచుకుంటోంది. పెద్దోడు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

చిన్నదాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఊపిరి వచ్చింది నాకు. అంతలోనే ముక్కుకి తగిలింది. తడి బట్టలతోనే నా బతుకు. వాన తడి వేరు, నిలవ నీళ్ల తడి వేరు. దాని యూనిఫాం మీద ఉన్నది వాన కాదు.

"ఎక్కడికెళ్లారే?"

"అక్కతో."

మా ఇంట్లో ఎప్పుడూ లేని మాట. హోంవర్క్ సంగతి చెప్పినట్టు చెప్పింది.

"అక్క అడిగింది. మేం సరే అన్నాం. ఇప్పుడు మేం కూడా చెరో ఇద్దర్ని తేవాలంట. నేను పిన్ని పిల్లల్ని అడిగాను. వాళ్లు సరే అన్నారు. అందుకే నన్ను పంపించేసింది."

"వాళ్లేరి?"

"వాళ్లింకా ఎవర్నీ తేలేదుగా అమ్మా. నిలబడి ఉన్నారు."

"ఎక్కడ?"

"నీళ్లల్లో."

ఫోన్ మోగింది. తోడికోడలు.

"అక్కా, అలా పరిగెత్తావేంటి? ఇవాళ నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు తెలుసా! సార్ పక్కనే!" గొంతులో ఇంకా నవ్వుంది. "అన్నట్టు మా పిల్లలు ఇంటికి రాలేదట. మీ ఇంట్లో ఆడుకుంటున్నారా?"

"లేరు," అన్నాను. పెట్టేశాను. ఏం చెప్పను?

పెద్దోడు అప్పటిదాకా కూర్చోలేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ప్యాంటు చీలమండల దాకా తడిసి ఉంది. నేను చూస్తుండగానే ఆ తడి పైకి ఎక్కింది. పిక్కల దాకా. మోకాళ్ల దాకా.

"నువ్వు... ఎవర్ని అడిగావురా?"

"నాన్నని. డిపో గేటు దగ్గర." వాడి గొంతు సన్నగా ఉంది. "నేనేం చెప్పక్కర్లేకపోయిందమ్మా. అక్కని చూడగానే సరే అన్నాడు. ఏడ్చాడు."

"నాన్నేడి?"

వాడు వెనక్కి తిరిగి, తలుపు వెనకనుంచి ఒక కుర్చీ లాగాడు. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ. మా ఇంట్లో అలాంటిది లేదు. తెచ్చి నా ముందు వేశాడు. తడి తొడల దాకా ఎక్కింది.

"ఇంకొక్కళ్లు చాలు నాకు," అన్నాడు. "ఏం చెయ్యక్కర్లేదమ్మా. ఏం మాట్లాడక్కర్లేదు. ఊరికే వచ్చి కూర్చో చాలు."

నా కొంగు ఎవరో కిందికి లాగారు. మెల్లిగా, రెండుసార్లు. ఎత్తుకోమన్నప్పుడు గువ్వ అలాగే లాగేది.

కిందికి చూడలేదు నేను.

ఫోన్ మళ్లీ మోగుతోంది. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది. ఎత్తలేదు. మా ఇంటికి ఎవరెవరు క్షేమంగా వచ్చారో లెక్కపెట్టుకున్నాను.

చిన్నది వచ్చింది. పెద్దోడు వచ్చాడు, నడుం దాకా తడితో. గువ్వ వచ్చింది. గుమ్మం బయట, పక్కపక్కనే, ఆయన చెప్పులు వచ్చాయి.