గాలిని పట్టుకున్న మాస్టారు

"మాస్టారూ, ఇంతకీ మీరు ఎవర్ని పట్టుకున్నారు?"

పరుపు మీద వెల్లకిలా పడి ఉన్న అమ్మాయి అడిగిన ప్రశ్న అది. నటన నేర్పే టీచరుగా నా మొదటి క్లాసు, మొదటి పాఠం!

పాఠం చాలా సులువు. కళ్ళు మూసుకుని వెనక్కి వాలాలి, వెనకున్నవాడు పట్టుకోవాలి. ఆమె నమ్మి వాలింది. నేను పట్టుకున్నాను కూడా. కాకపోతే జానెడు పక్కన, గాలిలో, లేని మనిషిని! ఇన్నేళ్ళూ స్టేజి మీద ఒక్కణ్ణే, మాటల్లేకుండా ఒంటితో కథలు చెప్పినవాణ్ణి. లేని పడవలు లాగాను, లేని పెళ్ళాన్ని బతిమాలాను. నిజం మనిషి మీదికొచ్చేసరికి చేతులు పాత అలవాటులోకి పోయాయి.

మిగతా స్టూడెంట్లు చప్పట్లు కొట్టారు. నటన అంత బాగుందట.

"దెబ్బ తగిలిందాండీ?"

"పరువుకి తగిలింది. నేను ఫిజియోథెరపిస్టుని. మీరిలాగే నేర్పండి, నా క్లినిక్కి పేషెంట్ల కరువుండదు."

క్లాసు జరిగే హాలు మా మేనత్తది. మోకాలు అరిగి నా షోలు ఆగిపోతే పిలిచి ఉద్యోగమిచ్చింది. ఆ సాయంత్రం చెవి మెలిపెట్టినంత పని చేసింది.

"లేనివాళ్ళతో వేగడం వచ్చురా నీకు, ఉన్నవాళ్ళతో రాదు. నెలాఖరుకి క్లాసు గాడిన పడకపోతే హాలు డాన్సు వాళ్ళకిచ్చేస్తా. మేనల్లుడివని మొహమాటపడను."

మర్నాడు ఆమె రాదనుకున్నాను. అందరికంటే ముందే వచ్చింది! నా గుండె గంతులేసింది.

"ముందు మీకు ట్రైనింగ్ కావాలి. చేతులు చాపండి." తన బరువంతా నా చేతుల మీద వేసింది. "గాలి ఇంత బరువుంటుందా?"

"ఉండదండీ."

"అంటే లావుగా ఉన్నాననా?"

"అయ్యో, రామ! కాదండీ!"

రోజూ క్లాసుకి ముందు నాకు క్లాసు. కిటికీ అవతల వాన, ఇవతల ఆమె తిట్లు. నవ్వితే ఆమె ఎడమ కనుబొమ్మ ఒక్కటే పైకి లేచేది. అంతే, నేను మోకాలి నొప్పితో సహా అన్నీ మర్చిపోయేవాణ్ణి.

నెలాఖరున అత్త కుర్చీ వేసుకుని కూర్చుంది. స్టూడెంట్లు ఒకరి తర్వాత ఒకరు వాలారు, వెనకున్నవాళ్ళు అందరినీ అందుకున్నారు. ఒక్కరూ కింద పడలేదు! "క్లాసు నీదేరా" అని అత్త లోపలి గదిలోకి వెళ్ళింది. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "ఇక నాతో పని లేదుగా మాస్టారూ. వస్తాను."

నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. గుండె మీద చెయ్యి వేసుకున్నాను.

"గ్యాసా?"

మోకరిల్లాను.

"ఆ మోకాలితోనా? లేవండి ముందు!"

"మీకు అర్థమైంది. నాకు తెలుసు."

"అయింది. కానీ అలా ఊరందరికీ చేసి చూపించారు. నాకు నోటితో చెప్పండి."

స్టేజి మీద ఏనాడూ నోరు విప్పనివాణ్ణి, విప్పాను.

"మీరంటే నాకు ఇష్టం. రేపు రండి. ఎల్లుండి రండి. క్లాసు లేని రోజు కూడా రండి."

ఆమె ఏదో అనబోయేలోపే లోపలి గదిలోంచి అత్త కేక వినిపించింది.

"ఒరేయ్, ఆ మొదటి ముక్క గట్టిగా చెప్పు! అమ్మాయి మాటెలా ఉన్నా, నాకు వినబడాలి!"

గొంతు చించుకుని అరిచాను. వీధిలో గొడుగులు ఆగిపోయాయి. ఆమె నవ్వుతూ బ్యాగు తీసి కింద పెట్టింది.